గిన్నె అడుగున ముద్ర.. చేసినవాడి చిరునామా
పాత వెండిని కరిగించే ముందు ఒకసారి తిరగేసి చూడండి

మన ఇళ్లలో వెండి గిన్నె మీద పేరు ఉందంటే అది ఇచ్చినవాళ్లదో, పుచ్చుకున్నవాళ్లదో అయి ఉంటుంది. పెళ్లిలో మేనమామ పెట్టిన చెంబు మీద మేనమామ పేరు, పెళ్లి తేదీ ఉంటాయి. బారసాలకు అమ్మమ్మ తెచ్చిన ఉగ్గుగిన్నె మీద మనవడి పేరు ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆ అక్షరాలు చూసి మూడు తరాలు గడిచాక కూడా ఇది ఫలానా వారి పెళ్లినాటిదని చెప్పుకుంటారు. కాని ఆ చెంబును కొలిమి దగ్గర కూర్చుని కొట్టిన కంసాలి ఎవరు? ఆయన పేరు ఎక్కడా కనిపించదు. ఆయన పోయాక ఆ ఊరివాళ్లకు కూడా గుర్తుండదు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ వెండి సామాను చేసినవాడు దాని అడుగున తన ముద్ర కొట్టి తీరాలని 1363లోనే చట్టం చేశారు. ఆ ముద్ర పక్కనే సర్కారు ఒప్పుకున్న పరీక్షశాల వేసే ముద్రలు ఉంటాయి. వాటి వల్ల రెండు వందల యాభై ఏళ్ల కిందటి చెంచా దొరికినా, దాన్ని ఎవరు చేయించారు, ఏ ఊళ్లో పరీక్ష చేశారు, ఏ సంవత్సరంలో చేశారు అన్నది ఈ రోజుకూ చెప్పవచ్చు. ఆ ముద్రలన్నీ కలిపితే ఒక చిన్న గోరంత మేర. చదవడం తెలియనివాళ్లకు అవి గీతలు, మరకల్లా ఉంటాయి. తెలిసినవాళ్లకు అదే పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసిన పత్రం.

కరిగిస్తే మళ్లీ రాదు

ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం వెండి ధర. 1980 జనవరిలో ప్రపంచ బజారులో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దాకా ఎగబాకింది. అప్పుడు ఇంగ్లండులోను, అమెరికాలోను జనం పాత వెండి సామాన్లను సంచుల్లో తెచ్చి కొలిమికి ఇచ్చేశారు. వందల ఏళ్లనాటి టీ పాత్రలు, దీపపు సెమ్మెలు కడ్డీలుగా మారాయి. కొద్ది వారాలకే ధర పడిపోయింది. పోయిన సామాను మాత్రం తిరిగి రాలేదు.

2025 అక్టోబరులో వెండి ఆ 1980 నాటి రికార్డును దాటింది. ధర ఎక్కినప్పుడల్లా అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. కొట్టులో తక్కెడ బరువే చూస్తుంది. గీటురాయి మేలిమే చూస్తుంది. ఎవరు చేశారన్నది రెండింటికీ అక్కర లేదు. తరుగు తీసి, బరువు కట్టి, డబ్బు చేతిలో పెడతారు. అందులో మోసమేమీ లేదు. కాని కొన్ని సామాన్ల విలువ బరువులో కాక అడుగునున్న ముద్రలో ఉంటుంది. అది తెలియక అమ్మితే పోయేది డబ్బే కాదు, ఒక పనివాడి ఆనవాలు కూడా.

ఇంగ్లీషు వెండి మన జిల్లాలకు ఎలా వస్తుందని అనుకోవచ్చు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు బందరులో కోఠీ పెట్టింది 1611లో. అప్పటి నుంచి 1947 వరకు కలెక్టర్లు, జడ్జీలు, ఇంజనీర్లు, మిషనరీలు ఈ నేల మీద కాపురాలు చేశారు. అలాంటి ఇళ్ల సామాను చేతులు మారి ఎక్కడెక్కడికో చేరుతుంది. అందుకని ఇంగ్లీషు అక్షరాలున్న పాత చెంచా దొరికితే తీసిపారేయకూడదు.

హాలులో వేసిన మార్కు

హాల్‌మార్క్ అన్న మాట ఇప్పుడు బంగారం కొట్టు బోర్డుల మీద అందరికీ అలవాటే. ఆ పేరు వచ్చింది లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచి. అది కంసాలుల సంఘం వారి భవనం. 1478 నుంచి సామాన్లను అక్కడికే తెచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవలసి వచ్చింది. హాలులో వేసిన మార్కు కనుక హాల్‌మార్క్ అయింది.

అసలు కథ అంతకు ముందే మొదలైంది. 1300లో ఎడ్వర్డ్ రాజు చట్టం చేశాడు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉండాలి, మిగతా 75 పాళ్లు రాగి లాంటివి కలపవచ్చు. దీన్నే స్టెర్లింగ్ వెండి అంటారు. మన పెద్దవాళ్లు కరిగించి మురుగులు, కడియాలు చేయించుకున్న విక్టోరియా రాణి రూపాయిలో వెయ్యికి సుమారు 917 పాళ్లు వెండి ఉండేది. రెండూ దగ్గర దగ్గరే.

ఇంగ్లీషు సామాను మీద మామూలుగా కనిపించేవి ఇవి.

మొదటిది, నడుస్తున్న సింహం. ఇది 1544లో వచ్చింది. సింహం ఉంటే అది స్టెర్లింగ్ వెండి అని అర్థం.

రెండోది, ఊరి గుర్తు. చిరుతపులి తల ఉంటే లండన్. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. కోట ఉంటే ఎడిన్‌బరో. కిరీటం ఉంటే షెఫీల్డ్. షెఫీల్డ్ వారు 1975 నుంచి కిరీటం మాని గులాబీ వేస్తున్నారు. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ పరీక్షశాలలు రెండూ 1773లో ఒకే చట్టంతో వచ్చాయి. ఆ ఊళ్ల పెద్దలు లండన్‌లో 'క్రౌన్ అండ్ యాంకర్' అనే సత్రంలో సమావేశాలు జరిపేవారని, అందుకే ఒకరు కిరీటం, ఒకరు లంగరు పంచుకున్నారని ఒక కథ చెబుతారు. సముద్రం లేని బర్మింగ్‌హామ్‌కు లంగరు ఎందుకని అడిగినవారికి ఇదే జవాబు.

మూడోది, సంవత్సరం అక్షరం. ఏడాదికొక అక్షరం మారుతుంది. లండన్‌లో పాత రోజుల్లో 'ఎ' నుంచి 'యు' వరకు 20 అక్షరాలు ఉండేవి. మధ్యలో 'జె' వాడరు. 20 ఏళ్లు తిరిగాక మళ్లీ 'ఎ' దగ్గర మొదలయ్యేది. అయితే ఈసారి అక్షరం రూపు, దాని చుట్టూ గడి మార్చేవారు.

నాలుగోది, రాజు తల. ఇది 1784 నుంచి 1890 వరకే ఉంది. వెండి మీద పన్ను కట్టినట్టు రసీదు లాంటిది. తల ఉంటే పన్ను ముట్టినట్టు.

అయిదోది, చేయించినవాడి ముద్ర. సాధారణంగా పేరులోని మొదటి అక్షరాలు. అసలు మనిషిని పట్టిచ్చేది ఇదే. కాని ఒంటరిగా ఇది పనికిరాదు. మిగతా నాలుగూ తోడుంటేనే దీని మాట నిలబడుతుంది.

ఒక చెంచా.. రెండు సంవత్సరాలు

ఉదాహరణకు ఒక చెంచా చేతిలో ఉందనుకోండి. కాడ వెనక సింహం ఉంది. చిరుత తల ఉంది. కనుక లండన్‌లో పరీక్షించిన స్టెర్లింగ్ వెండి. రాజు తల కూడా ఉంది. కనుక 1784కు ముందుది కాదు, 1890కి తరువాతది కాదు. సంవత్సరం అక్షరం చిన్నబడి 'ఎం'. పక్కన 'హెచ్.బి.' అని కలిపి రాసినట్టున్న అక్షరాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లండన్‌లో చిన్నబడి 'ఎం' 1787లో వచ్చింది. మళ్లీ 1827లో వచ్చింది. రెండింటి మధ్య 40 ఏళ్లు తేడా. ఎలా తేల్చడం?

చిరుత తల మీద కిరీటం ఉందేమో చూడాలి. 1821 వరకు లండన్ చిరుతకు కిరీటం ఉండేది. ఆ ఏడాదితో తీసేశారు. సింహం కూడా అంతే. అంతకు ముందు సింహం నడుస్తూ మన వైపు మొహం తిప్పి చూసేది. తరువాత ముందుకు చూస్తూ నడుస్తోంది. చిరుతకు కిరీటం ఉండి, సింహం మన వైపు చూస్తుంటే అది 1787. కిరీటం లేకుండా, సింహం ముందుకు చూస్తుంటే 1827. లండన్‌లో అప్పట్లో అక్షరం మే నెలలో మారేది కనుక 1787 అంటే ఆ ఏడాది మే నుంచి మరుసటి ఏడాది మే వరకు అన్నమాట.

సంవత్సరం తేలాక మనిషి తేలడం సులువు. 1787లో లండన్‌లో కలిపిరాత 'హెచ్.బి.' ముద్ర ఎవరిది? హెస్టర్ బేట్‌మన్ అనే ఆమెది. 1827 అయితే ఆమె చనిపోయి అప్పటికి 33 ఏళ్లు. ఆ ముద్ర ఆమెది కావడానికి వీల్లేదు.

సంతకం రాని యజమానురాలు

హెస్టర్ బేట్‌మన్ కథ మన పల్లెల్లోని ఎందరో ఇల్లాళ్ల కథలా ఉంటుంది. ఆమె 1708లో పుట్టింది. భర్త జాన్ బంగారు గొలుసులు చేసేవాడు. 1760లో క్షయతో చనిపోయాడు. పోతూ పోతూ తన పనిముట్లను భార్య పేర రాసి పోయాడు. పిల్లలున్న ఇల్లు. ఆమె పనిముట్లు అమ్ముకోలేదు. 1761లో గోల్డ్‌స్మిత్స్ హాలుకు వెళ్లి తన పేర ముద్ర నమోదు చేయించింది. అప్పటికి ఆమెకు 50 ఏళ్లు దాటాయి. ఆమెకు చదువు రాదని చరిత్రకారులు రాశారు. పేరు రాయడం రాని మనిషి పేరులోని రెండక్షరాలు ఈ రోజు లోకంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

లండన్ బన్‌హిల్ రో అనే వీధిలో వాళ్ల పనిశాల. కొడుకులు, కోడలు, మనవడు అందరూ అదే పనిలో దిగారు. చెంచాలు, టీ పాత్రలు, పంచదార గిన్నెలు, మధ్యతరగతి ఇళ్లకు పనికివచ్చే సామాను చేశారు. ఆమె 1790లో పని మానుకుంది. 1794లో చనిపోయింది.

ఆ తరువాత ఆ ఇంటి ముద్రలు వరసగా మారాయి. 1790లో కొడుకులు పీటర్, జొనాథన్‌ల అక్షరాలు వచ్చాయి. ముద్రలో జొనాథన్‌కు 'జె' ఉండదు, 'ఐ' ఉంటుంది. అప్పటి అలవాటు అది. తెలియనివాళ్లు ఇక్కడే పొరబడతారు. జొనాథన్ 1791లోనే పోయాడు. వెంటనే అతని భార్య యాన్, భర్త సోదరుడు పీటర్‌తో కలిసి కొత్త ముద్ర వేయించింది. 1800లో యాన్ కొడుకు విలియం చేరి మూడు జతల అక్షరాలయ్యాయి. 1805లో పీటర్, విలియం మిగిలారు. 1815లో విలియం ఒక్కడే.

చావులు, వారసత్వాలు, భాగాలు అన్నీ ఆ ముద్రల్లోనే కనిపిస్తాయి. పట్టాదారు పుస్తకంలో పేరు మారినట్టే అక్కడ గిన్నె అడుగున పేరు మారింది. జొనాథన్, పీటర్ల ముద్ర నడిచింది కొద్ది నెలలే కనుక అది ఉన్న సామాను అరుదు.

ఒకటే అక్షరాలు.. వేరు మనుషులు

రెండక్షరాలు చూసి పేరు చెప్పేయడం తొందరపాటు. ఒకే అక్షరాలతో పేర్లున్నవాళ్లు ఒకే ఊళ్లో చాలామంది ఉంటారు. అందుకే అక్షరం రూపు, మధ్యలో చుక్క ఉందా లేదా, చుట్టూ గడి గుండ్రమా, నలుచదరమా, అంచు వంకీలు తిరిగిందా అన్నది కూడా చూస్తారు. పొలం సర్వే నంబరు ఒక్కటే చాలదు, హద్దులు కూడా కలవాలన్నట్టు.

కాలాన్ని బట్టి పద్ధతులు కూడా మారాయి. 1697లో ఇంగ్లండులో నాణేలను కత్తిరించి, కరిగించి సామాన్లు చేస్తున్నారని సర్కారు సామాను వెండి మేలిమిని వెయ్యికి 958 పాళ్లకు పెంచింది. నాణెం కన్నా సామాను మేలిమి ఎక్కువైతే నాణెం కరిగించి లాభం లేదు కదా. ఆ కాలంలో సింహం బదులు కూర్చున్న బ్రిటానియా స్త్రీ బొమ్మ వేశారు. చేసినవాడి ముద్రలో ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు వేయాలన్నారు. 1720లో పాత మేలిమిని మళ్లీ అనుమతించారు. అయినా రెండు రకాల ముద్రలు కలగాపులగంగా నడవడంతో 1739లో అందరూ పాత ముద్రలు తీసేసి, అక్షరాల రూపు మార్చి కొత్తవి నమోదు చేయించుకోవాలని ఆజ్ఞ వచ్చింది.

ఆ రోజుల్లో పేరు మోసిన పనివాడు పాల్ డి లామెరీ. ఫ్రాన్సు నుంచి మతం కోసం పారిపోయి వచ్చిన కుటుంబం వాడు. మొదట అతని ముద్ర 'ఎల్.ఎ.'. అది ఇంటిపేరులోని అక్షరాలు. తరువాత 'పి.ఎల్.' అయింది. రెండూ ఒక్కడివే అని తెలియకపోతే ఇద్దరు మనుషులనుకుంటారు.

ఈ లెక్కలన్నీ ఊరికే తేలలేదు. హాలులోని రిజిస్టర్లు ఏళ్ల తరబడి తిరగేసినవాళ్లున్నారు. చార్లెస్ జాక్సన్ 1905లో వేసిన పుస్తకం, లండన్ పనివాళ్ల గురించి ఆర్థర్ గ్రిమ్‌వేడ్ 1976లో వేసిన పుస్తకం ఈ పనికి ఆధారాలు. రిజిస్టర్లలో కూడా లోటు ఉంది. పెద్ద సామాన్లు చేసేవారి పుస్తకం 1773కు ముందటి పదిహేనేళ్లది పోయింది. ఆ కాలపు ముద్రలకు పేరు చెప్పాలంటే నిపుణులు కూడా తడుముకోవాలి.

ఇంకొక మాట. ముద్ర ఉన్నంత మాత్రాన ఆ మనిషే స్వయంగా సుత్తి పట్టి కొట్టాడని కాదు. పనిశాల యజమాని తన బాధ్యత మీద వేసే ముద్ర అది. హెస్టర్ ముద్ర ఉన్న ప్రతి చెంచా ఆమె చేతి పని కాదు. ఆమె ఇంట్లోంచి, ఆమె పూచీ మీద బయటికి వచ్చిన సామాను అని మాత్రమే చెప్పాలి.

దొంగ ముద్రలు

ముద్రకు విలువ ఉంటే దొంగ ముద్ర కూడా ఉంటుంది. 1720 నుంచి 1758 వరకు ఇంగ్లండులో వెండి సామాను మీద ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు ఒక చిన్న పళ్లేనికి ముద్ర వేయించి, ఆ ముద్ర ముక్క కత్తిరించి, బరువైన పెద్ద పాత్ర అడుగున అతికేవాళ్లు. నోటితో ఊదితే ఆవిరి పట్టినప్పుడు ఆ అతుకు గీత బయటపడుతుంది. దొంగ ముద్ర వేసినవాళ్లకు ఒక దశలో మరణశిక్ష ఉండేది. 1773లో దాన్ని 14 ఏళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు.

పేరున్నవాళ్ల ముద్రలకే దొంగలెక్కువ. మాసిపోయిన ఒకరి ముద్ర మీద మరొకరిది కొట్టడం, చెంచా ముద్రతో గరిటె చేయడం, మామూలు లోటాకు తరువాత ముక్కు అతికించడం లాంటివి జరుగుతూనే ఉన్నాయి. మూత ఉన్న పాత్ర అయితే మూత మీద కూడా ముద్ర ఉండాలి. రెండూ ఒకే ఏడాదివి కాకపోతే అనుమానించాలి.

అంతకన్నా ఎక్కువగా మోసపోయేది పూత సామానుతో. 'ఇ.పి.ఎన్.ఎస్.' అని నాలుగు గడుల్లో నాలుగక్షరాలుంటే చూపరికి హాల్‌మార్కులాగే ఉంటుంది. నిజానికి అది జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలే లేదు. రాగి, జింకు, నికెలు కలిపిన లోహమది. కరెంటుతో వెండి పూత వేసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో పేటెంటు తీసుకున్నారు. 'ఎ 1' అని ఉంటే పూత మందం గురించి చెప్పుకున్న మాట, మేలిమి కాదు. సింహం లేదంటే ముందు ఈ అనుమానమే రావాలి.

మద్రాసు వెండి సంగతి

మన జిల్లాల్లో ఇంగ్లీషు అక్షరాలున్న పాత వెండి అంతా ఇంగ్లండుదే కానక్కరలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 దాకా మద్రాసుతోనే ఉన్నాయి. మద్రాసులో 1849లో మొదలైన పి. ఓర్ అండ్ సన్స్ కంపెనీ మౌంటు రోడ్డులో గడియారాలు, వెండి సామాన్లు అమ్మేది. వాళ్ల సామాను మీద 'ఓర్' అన్న పేరు ఉంటుంది. దేవుళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా తేల్చిన టీ పాత్రలు, పళ్లేలు వాళ్ల ప్రత్యేకత. తెల్లవాళ్లు వాటిని 'స్వామి వెండి' అనేవాళ్లు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఇచ్చిన కానుకల్లో వీళ్ల స్వామి టీ సెట్టు ఒకటి. అది ఇప్పుడు ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో ఉంది.

అయితే ఇక్కడ హాలు లేదు, సింహం లేదు, సంవత్సరం అక్షరం లేదు. కంపెనీ పేరే ముద్ర. కనుక దాన్ని చూసి మేలిమి చెప్పలేము, సంవత్సరం కచ్చితంగా చెప్పలేము. పనితీరు, పేరు రాసిన తీరు చూసి అంచనా వేయాలి. ఇక ఆ దశావతారాలను వెండి రేకు మీద తేల్చిన చేతులు ఎవరివి? అవి మన దక్షిణాది కంసాలులవే. వాళ్ల పేర్లు సామాను మీద లేవు. ఓర్ పేరు యువరాజు ఇంటికి వెళ్లింది. కొట్టినవాడి పేరు కొలిమి దగ్గరే ఉండిపోయింది.

అందరి సంగతీ అలా కాలేదు. కచ్ సంస్థానంలోని భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ అనే పనివాడు 19వ శతాబ్దం రెండో సగంలో తన సామాను మీద 'ఓ.ఎం.' అనీ, 'భుజ్' అనీ ముద్ర కొట్టాడు. అంతే. ఆ రెండక్షరాలూ, ఊరి పేరూ ఉండబట్టి నేడు ఆయన సామాను ఎక్కడ కనిపించినా పేరు పెట్టి పిలుస్తున్నారు. మన కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు నిలిచింది. పాత పన్నీరుబుడ్డి తీగలు అల్లినవాడెవరో చెప్పే ముద్ర మాత్రం లేదు.

ఇంట్లో ఎలా చూసుకోవాలి

పాత వెండి దొరికితే మొదట చేయవలసింది తోమకుండా ఉండటం. చింతపండు, ముగ్గుపిండి, బూడిద, పళ్లపొడి పెట్టి ఏళ్ల తరబడి రుద్దిన సామాను మీదనే ముద్రలు అరిగిపోతాయి. కొట్టులో మెరుగు పట్టిస్తే మిగిలింది కూడా పోతుంది. గీటురాయి మీద గీయవలసి వస్తే ముద్ర లేని చోట గీయమనాలి.

గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, మెత్తని నూలు గుడ్డతో తుడవాలి. చెంచాకు ముద్రలు కాడ వెనక ఉంటాయి. సుమారు 1780కి ముందువి గుంటకు దగ్గరగా, తరువాతవి కాడ చివరకు దగ్గరగా ఉంటాయి. గిన్నెలకు, పాత్రలకు అడుగున గాని, అంచు పక్కన గాని చూడాలి. పొద్దుటి ఎండలో ఏటవాలుగా పట్టుకుని, గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దంతో చూస్తే బాగా కనిపిస్తుంది. పలచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అచ్చు దిగుతుంది. సెల్‌ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసినా చాలు. ముద్రలన్నీ వరసగా ఒకే ఫొటోలో రావాలి.

కొట్టిన ముద్రకు, చెక్కిన పేరుకు తేడా గమనించాలి. గడిలో లోతుగా దిగి, అక్షరం పైకి తేలి ఉంటే అది ముద్ర. ఉలితో వంకర్లు తిప్పి పెద్దగా చెక్కితే అది ఆ ఇంటి యజమాని పేరు. చాలామంది యజమాని అక్షరాలను పనివాడివనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

ఎక్కువ ఆశ కూడా పెట్టుకోకూడదు. మామూలు చెంచాలు ఇంగ్లండులో లక్షల్లో చేశారు. వాటికి బరువు మీద కొద్దిగా ఎక్కువ రావచ్చు, రాకపోవచ్చు. ముద్ర తెలుసుకున్నాక అమ్మాలా, కరిగించాలా, ఉంచుకోవాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. తెలియక చేయడం వేరు, తెలిసి చేయడం వేరు. వందేళ్లు దాటిన కళాత్మకమైన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. ఎవరైనా పై దేశంలో మంచి ధర ఇప్పిస్తామంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన ముద్ర

మన దేశంలో వెండికి భారత ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ 2005లో వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి మీద కూడా ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య వేయడం మొదలైంది. అప్పటికి అది స్వచ్ఛందమే, తప్పనిసరి చేయలేదు. సంస్థ గుర్తు, 800, 925, 990 లాంటి మేలిమి అంకె, ఆ ఆరు అక్షరాల సంఖ్య, ఈ మూడూ ఉండాలి. సంఖ్యను సెల్‌ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగల వ్యాపారి రిజిస్ట్రేషన్ వివరాలు, పరీక్షించిన కేంద్రం, మేలిమి కనిపిస్తాయి. కొనే ముందు కొట్టులోనే చూసుకోవచ్చు.

ఇది కొనేవాడికి మంచి రక్షణ. అయితే ఇందులో కనిపించేది అమ్మినవాడి పేరు, పరీక్షించినవాడి పేరు. చేసినవాడి పేరు ఇందులోనూ లేదు.

ఇంకా కొన్ని ఊళ్లలో చెప్పి చేయించుకునే అలవాటు పూర్తిగా పోలేదు. మనవరాలి పెళ్లికి చెంబు చేయించే తాత అడుగున పెళ్లి తేదీ, తన పేరు ఎలాగూ కొట్టిస్తారు. ఆ పక్కనే కంసాలి పేరు, ఊరు పేరు కూడా కొట్టమంటే మరో నాలుగు చుక్కల పని. దానికి మజూరీ ఎవరూ అడగరు. వందేళ్ల తరువాత ఆ చెంబు తిరగేసినవాళ్లకు ఎవరు ఇచ్చారో, ఎవరు చేశారో రెండూ తెలుస్తాయి.